సంచి ముందు, మనిషి వెనక

బుధవారం పొద్దున్నే హైమావతి కొడుకు సంచి సర్దుతున్నది. రెండు ప్యాంట్లు, రెండు చొక్కాలు, దుప్పటి, జంతికల డబ్బా, నిమ్మకాయ ఊరగాయ సీసా. పెట్టినవన్నీ తీసి మళ్లీ పెట్టింది. సర్దడం అయిపోతే ప్రయాణం ఖాయమైనట్టేనని ఆమె భయం.

"హాల్ టికెట్ నా జేబులో పెట్టుకుంటానమ్మా" అన్నాడు పాండురంగం.

"జేబుకు చిల్లు పడితే?" అని ఆ కాగితాన్ని దుప్పటి మడతలో, అన్నిటికంటే అడుగున పెట్టి, సంచి మూతిని పసుపుతాడుతో ముడి మీద ముడి వేసి బిగించింది.

కలకత్తాలో వ్యాపారం నేర్పే పెద్ద కళాశాల కొత్తగా పెట్టారు. అందులో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. శుక్రవారం పదింటికి, మద్రాసులో. మార్కాపురం నుంచి ఆ పరీక్షకు కూర్చునే మొదటివాణ్ణి తానేనన్న ఉత్సాహంలో పాండురంగానికి కొన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదు. పక్కింటి ప్రేమకుమారి మిషన్ బడిలో ఇంగ్లీషు టీచరు. ఆమె అలారం గడియారం ముందు పెట్టుకుని అతని చేత ప్రశ్నలు చేయించేది. అలారం మోగినప్పుడల్లా ఇవతల ఇంట్లో హైమావతి గుండె పట్టుకునేది.

తండ్రి కోటేశ్వర్లుకు పలకల వ్యాపారం. ఆయనకు ఈ పరీక్ష సంగతే మింగుడు పడలేదు.

"పలకల దుకాణంలో పుట్టినోడికి వ్యాపారం కలకత్తావాళ్లు నేర్పాల్నా?"

"తెలివిని పరీక్షిస్తారు నాయనా. ఒక తొట్టికి రెండు కుళాయిలు ఉంటాయి. ఒకటి నింపుతాది, ఒకటి ఖాళీ చేస్తాది. తొట్టి ఎప్పటికి నిండుతాది?"

"రెండోది కట్టెయ్యమను. నీళ్లు పారబోసేటోడికి వ్యాపారమేంది?"

హైమావతి బాధ వేరు. ఆమె పెద్దన్న వ్యాపారమని బర్మా వెళ్లి అటే పోయాడు. అప్పటినుంచి ఎవరు బండెక్కినా ఆమెకు అన్నం సయించదు. మిగిలిన ఒక్క తమ్ముడు రాఘవయ్యను పొదిలి సంతకు కూడా పంపలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి కాని ఆ తమ్ముడు అక్క ఇంట్లోనే ఉంటూ, బావ చెప్పిన పనీ అక్క చెప్పిన పనీ చేస్తూ, మార్కాపురం పొలిమేరలు బాగా ఎరిగి ఉన్నాడు.

ముహూర్తం చూసిన శాస్త్రిగారు రెండు చిక్కులు చెప్పారు. గురువారం దక్షిణానికి శూల. మద్రాసేమో దక్షిణాన ఉంది. కాబట్టి పొదిలి మీదుగా ఒంగోలు దగ్గర దారి అయినా అటు పోకూడదు. తూర్పుగా గుంటూరు బండెక్కి, అక్కడినుంచి చుట్టూ తిరిగి మద్రాసు చేరాలి. మొదటి అడుగు దక్షిణానికి పడకపోతే చాలు. రెండో చిక్కు, గురువారం మంచి ఘడియ అంటూ ఏదీ లేదు. బుధవారం పొద్దున మాత్రం దివ్యంగా ఉంది.

"అయితే ఈ పొద్దే పోతా" అన్నాడు పాండురంగం.

"ఒకరోజు ముందే పోతావా? అంత తొందరేందిరా మమ్మల్ని వదిలిపెట్టాలని?" హైమావతి కళ్లు తుడుచుకుంది.

దీనికి పాతకాలం నుంచీ ఒక ఉపాయం ఉంది. మనిషి కదలలేకపోతే మంచి ఘడియలో సామాను కదిలిస్తారు. పోయే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం అంటారు. సామాను గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. నియమం ఒక్కటే. గడప దాటిన సామాను మళ్లీ వెనక్కి రాకూడదు.

తూర్పున ఉన్నది ప్రేమకుమారి ఇల్లు. కొడుకు చేత మోయిస్తే వాడు నిజంగానే వెళ్లిపోతున్నట్టు ఉంటుందని, హైమావతి సంచిని రాఘవయ్య నెత్తికెత్తింది. మంచి ఘడియలో రాఘవయ్య గడప దాటాడు.

మధ్యాహ్నానికి ఆ సంచి మీద బల్లి పడింది.

"మా ఇంట్లో బల్లి పడని సామాను లేదు వదినా. మొన్న నా బైబిలు మీద కూడా పడింది. ఏం కాలేదు" అని ప్రేమకుమారి నవ్వింది.

హైమావతి నవ్వలేదు. శకునం చెడింది. సంచి అక్కడ ఉండకూడదు, వెనక్కీ రాకూడదు. మిగిలింది ముందుకు పోవడమే. రాఘవయ్య దాన్ని ఇంకా తూర్పున, వీధి చివర ఉన్న బావ పలకల గోదాములో పెట్టాడు. దించీ దించకముందే పలకలు అరగదీసేవాడు ఒకడు తుమ్మాడు. వాడి వెనక ఇంకొకడు. రాతిపొడి గాలిలో ఆడే ఆ గోదాములో తుమ్మనివాడు ఎవడు? కబురు విన్న హైమావతి నెత్తి కొట్టుకుంది.

"రాఘవా! ఇంక ఎక్కడా దించొద్దురా నాయనా. నేరుగా రైలు స్టేషనుకు పో. టికెట్లు కొని పెట్టు. వాడు రేపు పొద్దున బస్సుకు వస్తాడు, సంచి వాని చేతికిచ్చి నువ్వు తిరిగి రా. సంచి మాత్రం వెనక్కి తెచ్చినావో, నా మీద ఒట్టే!"

"అట్లే అక్కా" అన్నాడు రాఘవయ్య. అతని జీవితంలో ఎక్కువసార్లు అన్న మాట అదే.

గురువారం తెల్లారి పాండురంగం చెప్పులు వేసుకున్నాడు. గోదాము నుంచి అప్పుడే వచ్చిన కోటేశ్వర్లు గట్టిగా తుమ్మాడు.

"కూర్చోరా, మంచినీళ్లు తాగి లెయ్యి" అంది హైమావతి.

పాండురంగం కూర్చుని, తాగి, లేచాడు. కోటేశ్వర్లు మళ్లీ తుమ్మాడు.

"ఏందయ్యా, కావాలని తుమ్ముతున్నావా?"

"ముక్కు నా మాట వింటదా? ఈ ఇంట్లో ఎవరు విన్నారని అది వినాల!"

మూడో చెంబు నీళ్లు తాగేసరికి బస్సు వెళ్లిపోయింది. పాండురంగం టీచరమ్మ సైకిలు అందుకుని ప్రాణం పోయినట్టు తొక్కాడు. స్టేషను చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. కూలీ ఒకడు బీడీ ముట్టించుకుంటున్నాడు.

"మా మామ ఏడీ? సంచి పట్టుకుని ఉంటాడే?"

"ఆయనా! నీకు కిటికీ సీటు పట్టాలని లోపలికెక్కినాడు అబ్బాయా. రైలు కదిలింది. దూకమని అరిచినాం. సంచి వెనక్కి రాకూడదంట కదా, కిటికీలోంచి దండం పెట్టుకుంటా పోయినాడు!"

హాల్ టికెట్ సంచిలో ఉంది. సంచి రైల్లో ఉంది. వెనక్కి రాకూడని సంచి ఇక మద్రాసుకే పోవాలి. పాండురంగం సైకిలును వెనక్కి తిప్పాడు.

ఊళ్లో గోదాము ముందు ఒంగోలుకు పోయే పలకల లారీ సిద్ధంగా ఉంది. పాండురంగం సైకిలు పారేసి లారీ ఎక్కాడు. హైమావతి పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"గురువారంరా! దక్షిణానికి శూలరా!"

"శూలం ఎదురొస్తే లారీతో గుద్దమంటా, నువ్వు పక్కకు రాయే!" అని కోటేశ్వర్లు భార్యను చెయ్యి పట్టి లాగాడు. నిన్నటిదాకా పరీక్షను వెక్కిరించిన మనిషి ఇప్పుడు డ్రైవరు కంటే గట్టిగా అరుస్తున్నాడు. "పోనియ్యి! పొదిలిలో టీ కూడా తాగొద్దు! మనోడు గెలవాల!"

పలకల మీద కూర్చున్న పాండురంగం ఒంగోలు చేరేసరికి తల నుంచి కాలి దాకా బూడిదరంగుకు వచ్చాడు. రాత్రి మద్రాసు బండి దొరికింది. శుక్రవారం పొద్దున పరీక్ష జరిగే కాలేజీకి పరుగు మీద వెళ్లాడు. గేటు దగ్గర, నెత్తిన సంచితో, రాఘవయ్య.

"మామా! ఎట్ల వచ్చినావు?"

"గుంటూరులో ఒకరు బండి ఎక్కించినారు, ఇంకొకరు ఇక్కడ దించినారు. నీ హాల్ టికెట్ మీద కాలేజీ పేరు ఉంటదని తీద్దామంటే ముడి రాలేదు. పెద్ద పరీక్ష ఎక్కడని అరవోళ్లను అడుక్కుంటా వచ్చినా. సంచి కింద పెట్టలేదురా, తెలుసా?" రాఘవయ్య ముఖం వెలిగిపోతున్నది.

లోపల గంట కొట్టారు. ముళ్లు ఊడలేదు. మామ ఒకవైపు, అల్లుడు ఒకవైపు పళ్లతో పీకారు. చివరికి తాడు తెగింది. దుప్పటి విదిలిస్తే హాల్ టికెట్ వచ్చింది, దానితోపాటు ఊరగాయ నూనె కూడా. సీసా ఎప్పుడో కారింది. ద్వారం దగ్గరి పెద్దమనిషి ఆ పచ్చని కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, వాసన చూసి, కాస్త మెత్తబడ్డాడు.

"నిమ్మకాయా?" అన్నాడు తమిళపు తెలుగులో.

"అవునండీ. మా అమ్మ పెట్టింది."

"పో, పో. టైమాయె!"

పాండురంగం పరీక్ష రాశాడు. వేళ్లకు కారం, చొక్కాకు రాతిపొడి, కడుపులో మంచినీళ్లు. గడియారం చూసుకుంటూ ప్రశ్న మీద ప్రశ్న దాటుకుంటూ పోయాడు. తొట్టి, కుళాయిలు కూడా వచ్చాయి. బయటికి వచ్చేటప్పుడు అతనికి ఎగరాలనిపించింది.

రాఘవయ్య రోడ్డుకు ఎదురుగా నిలబడి ట్రాము పట్టాలు పీకేసిన గుర్తులనూ, పోయే బస్సులనూ, మనుషులనూ చూస్తున్నాడు.

"బాగా రాసినా మామా! పదా, బండికి టైమైంది."

"నువ్వు పోరా. నేను రేపొస్తా."

"ఇక్కడ నీకెవరు తెలుసని?"

"అదే కదరా" అన్నాడు రాఘవయ్య మెల్లగా. "ఇక్కడ నేను ఎవరి తమ్ముణ్ణో, ఎవరి బామ్మర్దినో ఒక్కనికీ తెలీదు. పొద్దున్నుంచి అందరూ నన్ను 'సార్' అంటున్నారు."

పాండురంగం ఒక్కడే ఇల్లు చేరాడు. హైమావతి కొడుకును పట్టుకుని ఏడ్చి, దిష్టి తీసి, అన్నం పెట్టి, ఆ తర్వాత వీధిలోకి తొంగి చూసింది.

పరీక్షలో పాండురంగం నెగ్గాడు. కలకత్తా వెళ్లాడు, సెలవు దొరికినప్పుడల్లా వచ్చాడు, రెండేళ్లకు చదువు ముగించుకుని వచ్చేశాడు, దుకాణంలో తండ్రి పక్కన కూర్చున్నాడు. రాఘవయ్య తిరిగి రాలేదు. అతను బండెక్కింది పందొమ్మిది వందల అరవై ఐదు, డిసెంబరు రెండు, గురువారం.