చప్పుడు లేని కారుకు నెంబరు

ఇకపై పొగ అనేది పాఠ్యపుస్తకాల్లో మాత్రమే కనిపిస్తుందని రవాణా మంత్రిగారు ప్రకటించారు. అందుకు తొలి మెట్టుగా, ఒక సామాన్యుడు సొంత చేతులతో చేసిన విద్యుత్ కారును శనివారం ఉదయం పదింటికి తానే స్వయంగా నడుపుతానన్నారు. ఆ సామాన్యుడు మా మరిది. సంగతి మాకూ పేపర్లోనే తెలిసింది.

మా మరిది మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మూతపడిన మిల్లు నుంచి ఒక ఏసీ మోటారు, పాత కారు బాడీ, ఇరవై బ్యాటరీలు తెచ్చి, బ్యాటరీల కరెంటును మోటారుకు సరిపడేలా మార్చే కంట్రోలరు తనే తయారుచేసి, రెండేళ్ళు మా షెడ్డులోనే కాపురం పెట్టాడు. బండి భేషుగ్గా నడిచింది. అయితే నెంబరు లేనిదే రోడ్డెక్కకూడదు. ఈ నెలాఖరులోగా రోడ్డెక్కితే ఇలాంటివే నాలుగు చేయించుకుంటానని స్కూలు కరస్పాండెంటు మాటిచ్చాడు. మరిది ఆశంతా ఆ నాలుగు బళ్ళ మీదే.

రవాణా కార్యాలయంలో పొగ పరీక్ష సర్టిఫికెట్టు అడిగారు.

"దీనికి పొగ రాదండీ."

"రాదని నేనెలా నమ్మాలి? గొట్టం పెట్టించుకురా. అందులోంచి రాకపోతే అప్పుడు చూద్దాం."

పెట్టించాడు. దేనికీ తగిలించని గొట్టం. యంత్రం సున్నా చూపించింది. ఫారంలో సున్నాకు గడి లేదు. అధికారి నిజాయితీపరుడు, లేని గడిని సృష్టించలేదు. "మంత్రిగారు నడిపేటప్పుడు కళ్ళారా చూస్తాను. చూసింది రాస్తాను. చూడనిది చచ్చినా రాయను" అన్నాడు. అలాంటివాళ్ళు ఈ రోజుల్లో అరుదు.

శనివారం తొమ్మిదింటికి భద్రతాధికారి వచ్చి బానెట్టూ, సీట్లూ ఎత్తించాడు.

"ఇవేంటి?"

"బ్యాటరీలు సార్."

"వైర్లు తగిలించిన పెట్టెలు ఇన్ని పెట్టి, వాటిమీద మంత్రిగారిని కూర్చోబెడతావా? తీసెయ్."

"తీసేస్తే నడవదు సార్."

"నడవడం నా డిపార్ట్‌మెంటు కాదు."

ఇరవై బ్యాటరీలనూ మా వరండాలో వరసగా పెట్టించి, చుట్టూ తాడు కట్టించాడు. నేను బట్టలారేసుకునే తాడే.

"అయిపోయింది వదినా" అన్నాడు మరిది, గడప మీద కూలబడి.

పార్టీ పట్టణ అధ్యక్షుడు వాడి భుజం తట్టాడు. "భలేవాడివే తమ్ముడూ! కార్యకర్తలుండగా కరెంటెందుకు?"

మంత్రిగారు సరిగ్గా పన్నెండున్నరకు వచ్చి స్టీరింగు పట్టుకున్నారు. వెనక పదకొండుమంది భుజాలు ఆనించారు. బండి కదిలింది.

"చప్పుడే లేదయ్యా!"

"మనవాళ్ళు క్రమశిక్షణ గలవాళ్ళు సార్" అన్నాడు అధ్యక్షుడు, పక్కనే పరుగెడుతూ.

"ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుంది?"

"పెట్టిన టిఫినును బట్టి సార్."

మంత్రిగారు తల ఊపారు. వీధి మలుపులో ఎత్తు రాగానే బండి ఆగింది. "పికప్ కాస్త తక్కువ" అన్నారు, లోతు తెలిసినవారిలా. ఒక బలమైన కార్యకర్తను, మా మరిదిని అదనంగా చేర్చారు. పికప్ మెరుగైంది. మరిది అందరికంటే గట్టిగా తోశాడు. ఎంతైనా తన బండి.

దిగాక మంత్రిగారు ప్రసంగించారు. పొగ లేదు, మోత లేదు, చుక్క పెట్రోలు లేదు అన్నారు. ఒక్కటీ అబద్ధం కాదు. అధికారి చెట్టు నీడన నిలబడి తాను చూసింది రాసుకున్నాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందే కాగితం వచ్చింది. మరిది చేతులు తుడుచుకుని మరీ విప్పాడు. నెంబరు ఉంది. యజమాని పేరు ఉంది. వాహన రకం: తోపుడు బండి. నడిపే శక్తి: మనుషులు, పదముగ్గురు. పొగ: లేదు. కింద ఎర్ర సిరాతో ఒక షరతు: 'బ్యాటరీలు అమర్చినచో ఈ అనుమతి రద్దగును.'

సాయంత్రం కరస్పాండెంటు వచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ముద్ర అసలుదేనని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

"అంతా సవ్యంగానే ఉంది. నాలుగూ చేసెయ్యి" అన్నాడు. "బండికి పదముగ్గురు చొప్పున మనుషుల్ని నువ్వే ఇస్తావా, మా టీచర్లతో కానిచ్చేద్దామా?"