పేరున్న మనిషి చేతికే

తప్పులుంటే ముందే మన్నించండి. అక్షరాలు నాకు ముసలితనంలో పట్టుబడ్డాయి, ఇంకా పూర్తిగా లొంగలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆలోచించేలోపల టీ చల్లారిపోతుంది. అది వేడిచేసుకుని వచ్చేలోపల చెప్పదలచుకున్న మాట మరిచిపోతాను. అందుకని నెమ్మదిగా చెబుతాను. ఈ కథలో మనిషి ఎలాగూ మొదట్లోనే పోతాడు కాబట్టి మీకూ తొందర అక్కర్లేదు.

తాళాలు బాగుచేసే ఆయన ఒకరు ఉండేవారు. అందరూ తాళాలాయన అనేవారు. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నాక మిగిలిన పని ఒక్కటే, పాత జేబుకత్తులు పోగుచేయడం. మడిచి జేబులో వేసుకునేవి, ఎముక పిడివి, కొమ్ము పిడివి, ఎవరెవరి తాతలో వాడి వదిలేసినవి. ఎక్కడెక్కడి పాతసామాన్ల కొట్లవాళ్ళకో ఫోన్లు చేసి పోస్టులో తెప్పించుకునేవారు. బీరువా సొరుగుల్లో మెత్తటి గుడ్డ పరిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వాటిని వరసగా పడుకోబెట్టేవారు. రోజూ ఒక్కోదాన్నీ తీసి, గోటితో తెరిచి, నూనెగుడ్డతో తుడిచి, టక్కున మూసేవారు. వాటితో దేన్నీ కోయకూడదు. పదును పెడితే పాతదనం పోతుందట.

వంటింట్లో ఆయన భార్యకి ఉన్నది ఒకే ఒక్క కత్తి. పిడి విరిగితే తీగ చుట్టారు. దానికి పదును పెట్టమని ఆవిడ పెళ్ళయిన కొత్తలో అడిగింది, ముసలిదయ్యాక కూడా అడుగుతూనే ఉంది. "ఇంటినిండా కత్తులే. ఉల్లిపాయని మాత్రం నేను గుద్ది చంపాల్సొస్తోంది," అనేది. ఆయన "రేపు చూద్దాం" అనేవారు.

ఆ రోజు పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, వీధి తలుపుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక పార్శిల్ రావాలి. మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. రెండోసారి ఆయన ఛాతీలో నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో ఉన్న ఆవిడ చేతికి కొత్త పోస్టుమాన్ ఇవ్వనన్నాడు. లోపల ఉన్నది కత్తి కాబట్టి పార్శిల్ మీద పేరున్న మనిషి చేతికే ఇవ్వాలట. ఇవాళ మూడోసారి. ఇవాళ కూడా కుదరకపోతే పంపినవాళ్ళకే తిరిగిపోతుంది.

"చదవడం రానివాళ్ళకి పోస్టాఫీసులో ఉద్యోగాలిస్తున్నారు," అని ఆయన రెండు రోజులుగా సణుగుతున్నారు. ఆవిడకీ చదవడం రాదు కాబట్టి ఆ మాట వెళ్ళి ఆవిడకే తగిలింది.

"ఇవాళ నువ్వెక్కడికీ పోకు. పోస్టు వచ్చేదాకా ఇంట్లోనే ఉండు," అన్నారాయన.

"మధ్యలో నేనెందుకండీ? మీరూ మీ కత్తీనూ."

"ఉండమంటే ఉండు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయతో కుస్తీ పడుతూ, అక్కడి నుంచే ఆయన్ని దులపడం మొదలుపెట్టింది. చాలాసేపు దులిపింది. ఆయన మారు పలకలేదు. అది కొత్తేమీ కాదు కాబట్టి ఆవిడా ఆగలేదు. చివరికి టీ తీసుకొచ్చి చేతికి అందిస్తే ఆ చెయ్యి అందుకోలేదు. కళ్ళు మాత్రం వీధివైపే చూస్తున్నాయి.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇంతసేపూ పోయిన మనిషిని తిట్టానే అన్న ఒక్క ఆలోచనే అటూ ఇటూ తిరిగింది.

ఆవిడ తమ్ముడు నాలుగిళ్ళ అవతల ఉంటాడు. వీధిలో అతన్ని సర్దుబాటు అంటారు. ఏ గొడవైనా తను వెళ్తే సర్దుకుంటుందని అతని నమ్మకం. వెళ్ళాకే గొడవ అవుతుందని వీధి నమ్మకం. సర్దుబాటు వచ్చి, కాసేపు బావ కాళ్ళు పట్టుకుని ఏడ్చి, లేచి, పనులన్నీ మీద వేసుకున్నాడు. బావని ముందుగదిలో మంచం మీద పడుకోబెట్టించి, కళ్ళు మూసి, దుప్పటి కప్పాడు. డాక్టరుకి కబురు పంపాడు. అద్దె కుర్చీలు చెప్పాడు. నాలుగింటికి శవపెట్టె, బండి వచ్చేలా ఏర్పాటు చేశాడు.

"అక్కా, ఇంకేమైనా కావాలా?"

"ఆ కత్తి కావాలి. పెట్టె మూసేలోగా ఆయన చేతిలో పెట్టాలి. దానికోసమే కాసుకుని కూర్చుని పోయారు."

"ఇస్తారులే అక్కా. బావ పోయాడని చెబితే జాలిపడి ఇస్తారు."

"చెబితే ఇవ్వరు. పోయినేడు ఈయన స్నేహితుడొకాయన పోతే, మనిషి లేడని రాసి ఆయన కత్తిని వెనక్కి పంపేశారు. స్నేహితుడు పోయినందుకు ఈయన ఒక పూట బాధపడ్డారు, కత్తి పోయినందుకు నెల బాధపడ్డారు."

సర్దుబాటు చొక్కా చేతులు పైకి మడిచాడు. "అయితే నాకొదిలెయ్. సర్దేస్తా."

అద్దె కుర్చీలు దించుతుండగానే పోస్టుమాన్ వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు.

"తాళాలాయన ఉన్నారా?"

"ఉన్నాడు, ఎక్కడికి పోతాడు?" అన్నాడు సర్దుబాటు.

"కుర్చీలు తెప్పించారు. ఏదైనా ఫంక్షనా?"

"మా బావ పుట్టినరోజు." తర్వాత ఎన్నాళ్ళు ఆలోచించినా ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియలేదు.

పోస్టుమాన్ చెప్పులు విప్పుకుంటున్నాడు. సర్దుబాటు ఒక్క అంగలో ముందుగదిలోకి దూకి, బావ మొహం మీది దుప్పటి గడ్డం దాకా లాగాడు. మొహం మరీ పోయినవాడి మొహంలా ఉందనిపించింది. ఆయన కళ్ళజోడు కోసం తడిమాడు, దొరకలేదు. తన కళ్ళజోడే తీసి ఆయనకి పెట్టేశాడు.

పోస్టుమాన్ గుమ్మం దగ్గర ఆగి తొంగిచూశాడు. "కళ్ళజోడు పెట్టుకునే పడుకున్నారే."

"లేకపోతే కలలు సరిగ్గా కనపడవట."

"లేపండి మరి, సంతకం చెయ్యాలి."

"చేతులు వణుకుతాయి నాయనా," అంది ఆవిడ. ఈ ఇంట్లో ఆ పొద్దున పోస్టుమాన్‌తో అన్న నిజమైన మాట అదొక్కటే. అది కూడా నిన్నటి నిజం.

"వేలిముద్రైనా పర్లేదమ్మా." అతను రసీదు కాగితం, సిరాదిండు ఇచ్చాడు. ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి, అతనికి కనపడకుండా వంగి, ఆయన చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన రోజు తరవాత ఆ చెయ్యి అంత బరువుగా ఎప్పుడూ తోచలేదు. "ఏవండీ, మీ కత్తొచ్చింది," అని చెవిలో చెప్పి, బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. ముద్ర చక్కగా పడింది. బతికున్నప్పుడు ఆయన ఏ కాగితం మీదా అంత కుదురుగా సంతకం చేయలేదు.

పార్శిల్ చేతికొచ్చింది. అక్కడితో అయిపోయుంటే ఈ కథ ఉండేది కాదు. పోస్టుమాన్ గేటు దాటుతుంటే డాక్టరు ఎదురొచ్చాడు.

"పుట్టినరోజు బాగా చేస్తున్నట్టున్నారు సార్," అన్నాడు పోస్టుమాన్ మర్యాదకి.

"ఎవరిది?"

"తాళాలాయనది. ఇప్పుడే నా కాగితం మీద వేలిముద్ర వేశారు."

డాక్టరు లోపలికొచ్చి సంచి కింద పెట్టలేదు. "ఎప్పుడు పోయారు?"

"పొద్దున్నే," అంది ఆవిడ.

"ఇప్పుడే," అన్నాడు సర్దుబాటు. గేటు దగ్గరి మాటలు అతనికి వినపడ్డాయి. "ఇప్పుడే పోయాడు డాక్టరుగారూ. వేలిముద్ర వేసి, కత్తి చూసుకుని, ఆ సంతోషంలో."

డాక్టరు బల్ల మీది పార్శిల్ చూశాడు. "కట్టు కూడా విప్పలేదు. ఏం చూసి సంతోషపడ్డాడు?"

సర్దుబాటు కట్టు విప్పడానికి చెయ్యి చాచాడు.

"కత్తి వచ్చిన పావుగంటకి మనిషి పోయాడు. ఒకరు పొద్దున్నంటారు, ఒకరు ఇప్పుడంటారు. పోలీసులు రాకుండా నేను ముట్టుకోను," అని డాక్టరు ఒక అద్దె కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచం మీది మనిషి నిజంగా పోయాడో లేదో ఇంతవరకూ ఏ డాక్టరూ చూడలేదని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి మొదట బీరువా తెరిచాడు. సొరుగు లాగిన కొద్దీ కత్తులు.

"ఇన్ని కత్తులేంటమ్మా?"

"ఒక్కటీ తెగదు బాబూ."

అతను ఒకటి తీసి కాగితం మీద లాగి చూశాడు. తెగలేదు. ఇంకోటి లాగాడు. కాగితం నలిగింది.

"మరి వంట దేంతో చేస్తారు?"

ఆవిడ తీగ చుట్టిన కత్తి తెచ్చి చూపించింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆయుధాల లెక్కలోంచి తీసేసి తిరిగి ఇచ్చేశాడు.

పోస్టుమాన్‌ని వెనక్కి పిలిపించారు. పోయిన మనిషికి పార్శిల్ ఇచ్చినట్టు తేలితే ఉద్యోగం ఉండదని దారిలోనే అతనికి అర్థమైంది. అందుకని గట్టిగా నిలబడ్డాడు. "బతికే ఉన్నారు సార్. నాతో మాట్లాడారు కూడా."

"ఏమన్నారు?"

"వాన పడేలా ఉంది, తొందరగా వెళ్ళమన్నారు."

అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. ఎండ కళ్ళు పొడుస్తోంది.

"డాక్టరుగారూ, ఇక మీరే చూడాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డాక్టరు లేచి ఆయన చెయ్యి ఎత్తబోయాడు. అది వంగలేదు. మెడ చూశాడు, దవడ చూశాడు. "ఈ మనిషి వాన గురించి మాట్లాడి చాలాసేపయింది. తెల్లారినప్పుడే పోయుంటాడు. గుండె ఆగింది. మొన్న నా దగ్గరికి వచ్చింది దానికే," అన్నాడు.

పోస్టుమాన్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదని, ఇంట్లో ఇంకా అందరికీ చెప్పుకోవడమే అవలేదని ఏడవసాగాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు అతను తాళాలాయనకి బాగా దగ్గరివాడనుకుని మంచినీళ్ళిచ్చారు. తాళాల కొట్టు పాత ఖాతాదారు ఒకాయన దుప్పటి బయట ఉన్న నల్లటి బొటనవేలు చూసి, "చివరిదాకా పని చేస్తూనే ఉన్నాడన్నమాట," అని కళ్ళు తుడుచుకున్నాడు.

"అంటే పోయినాయన వేలు పట్టుకుని ముద్ర వేయించారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది నేరమమ్మా. నేను పై వాళ్ళని అడగాలి. వాళ్ళు కోసి చూడమంటే బండి శ్మశానానికి కాదు, ఆసుపత్రికి పోతుంది. ఈ పార్శిల్ మాత్రం నేను తీసుకెళ్తున్నా."

"అది ఆయన చేతిలో పెట్టాలి బాబూ."

"కేసు తేలాక ఇస్తాం."

"అప్పటికి ఆయన ఉండరు."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరిచి, రాసుకోవడానికి పార్శిల్ వెలుతురులో పెట్టాడు. చదివాడు. పోస్టుమాన్ రసీదు చూశాడు. మళ్ళీ పార్శిల్ చూశాడు.

"ఇందులో పెద్దక్షరాలతో ఉన్నది ఈయన పేరే. కానీ పైన చిన్నక్షరాలతో ఇంకో పేరుంది. ఈయన పేరు ముందు 'భర్త' అని ఉంది. పైనున్న పేరు ఎవరిది?" అని ఆ పేరు చదివి వినిపించాడు.

గదిలో అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆ పేరుతో తనని ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తు లేదు.

"నాది," అంది.

"పెద్దక్షరాలే చూశాను సార్," అన్నాడు పోస్టుమాన్. "అన్ని పార్శిళ్ళూ ఆయనకే వస్తాయి కదా."

"నువ్వయినా చూడలేదేంట్రా?" అంది ఆవిడ తమ్ముడితో.

"నా కళ్ళజోడు బావ దగ్గరుంది కదక్కా."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "మొన్న గుమ్మంలో మీరే వేలిముద్ర వేసి తీసుకోవాల్సిందమ్మా. ఇవాళా అంతే. ఇప్పుడేమైంది, పోయినాయన ఇంకొకరి పార్శిల్ తీసుకున్నట్టయింది. నేను కేసు పెడితే ఈయన మీదే పెట్టాలి." మంచంవైపు చూశాడు. "నోటీసు ఇచ్చినా తీసుకోడు," అని పుస్తకం మూసేశాడు. పోస్టుమాన్ ఇంకో రసీదు తీశాడు. ఆవిడ అదే సిరాదిండులో తన బొటనవేలు అద్దింది.

కట్టు ఇన్‌స్పెక్టరే విప్పాడు. లోపల కొమ్ము పిడి ఉన్న పాత మడతకత్తి, ఆడవాళ్ళ చేతికి సరిపోయేది. దాన్ని తెరిచి అలవాటుగా కాగితం మీద లాగాడు. కాగితం రెండయింది, కింద ఉన్న అతని వేలు కూడా తెగింది. తాళాలాయన తన జన్మలో మొదటిసారి ఒక పాత కత్తికి పదును పెట్టించి తెప్పించారు.

"ఇది తెగుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వేలు నోట్లో పెట్టుకుంటూ.

ఎక్కడికీ పోకు, ఇంట్లోనే ఉండు అని ఆయన ఎందుకన్నారో ఆవిడకి అప్పుడు తెలిసింది. అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచీ రానిదంతా ఒక్కసారే వచ్చింది.

డాక్టరు కాగితం రాసిచ్చాడు. నాలుగింటికే బండి వచ్చింది. ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టారు. సర్దుబాటు కళ్ళజోడు వెనక్కి తీసుకుని, "అక్కా, కత్తి పెట్టు. మూసేస్తారు," అన్నాడు.

ఆవిడ కొంగు ముడిలో ఉన్న కొమ్ముపిడి కత్తిని గట్టిగా పట్టుకుంది.

"దీన్నెందుకు పెడతాను? పేరు నాది."

వంటింట్లోకి వెళ్ళి, తీగ చుట్టిన మొద్దుకత్తి తెచ్చి, ఆయన చెయ్యి పక్కన జాగ్రత్తగా పెట్టింది. వంగి చెవిలో ఏదో చెప్పింది. దేవుడి పేరు చెప్పిందనుకుని అందరూ తల దించుకున్నారు.

"అక్కడ తీరిగ్గా పదును పెట్టి ఉంచండి, నేనొచ్చేసరికి," అని చెప్పింది.

తర్వాతి నెల ఆవిడ పెద్దవాళ్ళ బడిలో చేరింది. మొదట నేర్చుకున్నది ఒక్క పేరే.

ఇట్లు,
పార్శిల్ మీద చిన్నక్షరాల్లో ఉన్న మనిషి,
వయసు డెబ్బై మూడు,
ప్రస్తుతం అదే ఇంట్లో ఉంటున్నాను, పోస్టు వస్తే నేనే తీసుకుంటాను.