ఈతతొట్టిలో పాచి

గురువారం పొద్దున్నే కోటిలింగం కాఫీ తాగి, పంచె ఎగ్గట్టి దొడ్లోకి నడిచాడు. మధ్యాహ్నానికల్లా ఈతతొట్టిలో నీళ్ళు తేటపరిచి, సాయంత్రం తీరుబడిగా కొట్టుకు వెళ్ళాలని అతని ఆలోచన. ఆదివారం నందిగామ నుంచి కాబోయే వియ్యంకుడు రామకోటేశ్వరరావు లగ్నపత్రిక రాయించుకోవడానికి వస్తున్నాడు. వచ్చినవాడు ముందుగా అడిగేది ఆ తొట్టినే.

జగ్గయ్యపేటలో మిర్చి, కిరాణా టోకువ్యాపారం చేసే కోటిలింగం క్రితం ఏడాది మద్రాసు వెళ్ళినప్పుడు, ఒక దళారీ బంగళాలో అలాంటి తొట్టి చూసి మనసు పారేసుకున్నాడు. తిరిగివచ్చి తన దొడ్లోనూ సిమెంటుతో ఒకటి కట్టించాడు. దీన్ని స్విమ్మింగు పూలు అంటారని చెబితే, తల్లి సత్యనారాయణమ్మ మల్లెపాదులు ఎప్పుడు పెట్టిస్తావని అడిగింది. కొడుక్కి పిల్లను చూడటానికి నందిగామ వెళ్ళినప్పుడు కూడా, మా నీళ్ళలో పావలాబిళ్ళ వేస్తే అడుగున బొమ్మా బొరుసూ తెలుస్తాయని చెప్పుకున్నాడు. రామకోటేశ్వరరావు బట్టల వ్యాపారి. దేన్నయినా వేళ్ళతో నలిపి చూసిగాని నమ్మడు. వచ్చినప్పుడు తప్పకుండా చూస్తానన్నాడు.

ఇప్పుడు ఆ నీళ్ళలో పావలా కాదు, పందిరిమంచం వేసినా కనబడదు. ఎండలకు పాచి పట్టి, గోంగూర ఉడకేసిన కుండలా తయారైంది. తోడి పారబోద్దామంటే బావి అడుగంటింది. ఉన్న నీళ్ళు పాలేటి నుంచి బళ్ళమీద మోయించినవి.

బిందెడు బురదనీళ్ళకు పటికముక్క చాలునని కోటిలింగానికి తెలుసు. తొట్టెడు నీళ్ళకు బస్తా ఉండాలి కదా అనుకుని, కొట్లోంచి బస్తా తెప్పించి కుమ్మరించాడు. మడ్డి మెల్లగా దిగి, పై మెట్టు బయటపడింది. ఆ సంతోషంలో అడుగు కూడా కనిపిస్తోందేమో చూద్దామని మెట్టుమీద కాలు పెట్టాడు. మెట్టుమీద పాచి అలాగే ఉంది. జర్రున లోపలికి పోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, దిగిన మడ్డినంతా పైకి లేపి, గడ్డానికి పచ్చటి గడ్డం వేలాడేసుకుని గట్టెక్కాడు. వడియాలు ఎండబెడుతున్న భార్య జ్ఞానప్రసూనాంబ చేతిలో గిన్నె వదిలేసి, గోడకు ఆనుకుని కాసేపు చూసింది.

"ఏమండీ, మీరేనా?" అంది చివరికి.

ఆ సాయంత్రం కొట్లో ముక్త్యాల రైతు బసవయ్య సంగతంతా విన్నాడు. ఏళ్ళ తరబడి కోటిలింగానికే మిర్చి అమ్ముతున్న మనిషి. దీనికింత హైరానా దేనికన్నట్టు నవ్వాడు.

"నాలుగు చేపపిల్లల్ని వదలండి షావుకారుగారూ. పాచి అవే మేసేస్తాయి."

కోటిలింగం ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. వాళ్ళ ఇంట్లో ఆ మాట నోట రాకూడదు. నీరసానికి చేపనూనె తాగమన్న డాక్టరును సత్యనారాయణమ్మ మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. కాని ఆదివారం దగ్గరికొచ్చేస్తోంది. చిన్నచిన్నవి, ఎవరి కంటా పడకుండా, మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే వేళ తెమ్మని బసవయ్య చెవిలో చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం వీధి మొదట్లో ఎద్దులబండి కనబడేసరికి కోటిలింగం గుమ్మంలోకి వచ్చాడు. బండినిండా బానలు. అంత పెద్దమనిషికి పిల్లచేపలేం ఇస్తామని, బసవయ్య వేదాద్రి రేవులో మూరెడేసి చేపలు పట్టించి తెచ్చాడు. ఎవరి కంటా పడకూడదన్నారని బానలకు ఎర్రగుడ్డలు కట్టాడు. ఆ ఎర్రగుడ్డలు చూసి వీధంతా అరుగులమీదికి వచ్చింది. సరిగ్గా అమ్మవారి గుడి ముందు చక్రం కాలవలో దిగి ఒక బాన ఒరిగింది. పురాణం వింటున్న పెద్దల మధ్య చేపలు ఎగిరెగిరి పడ్డాయి.

ఒక చేప పురాణం చెప్పే పంతులుగారి పీటవైపు పొర్లుతుంటే కోటిలింగం ఇక ఆగలేక పరుగెత్తి, ఉత్తరీయంలో పట్టుకుని గుండెలకు అదుముకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చేపను తాకడం అదే మొదలు. అది తోకతో చెంపమీద కొడుతుంటే, ఎవరి ముఖమూ చూడకుండా ఇంట్లోకి ఉరికాడు. బసవయ్య మిగతా చేపల్ని ఏరుకుని, బానలన్నీ తొట్టిలో గుమ్మరించి వెళ్ళాడు.

ఆ తర్వాత సంగతి నందిగామ బస్సెక్కింది. వీధి చివరికి చేరేసరికి కోటిలింగం చేపల వ్యాపారం పెట్టాడు. బస్టాండు దగ్గర అతను రహస్యంగా తింటున్నాడు కూడా. నందిగామలో బస్సు దిగేసరికి పెళ్ళిభోజనాల్లో చేపలపులుసు ఖాయమైంది. ఆదివారం రావలసిన రామకోటేశ్వరరావు శనివారం పొద్దున్నే బయల్దేరాడు, సంబంధం వద్దని చెప్పడానికి.

ఇక్కడ ఆ శుక్రవారమే సత్యనారాయణమ్మ కునుకులోంచి లేచి దొడ్లోకి వచ్చింది. పచ్చటి నీళ్ళలోంచి ఒక చేప ఎగిరి, తళుక్కున మెరిసి మునిగింది. ఆవిడ గట్టున ఉన్న కొడుకుకేసి తిరిగింది. కోటిలింగం తెలిసిన నిజం ఒక్కటే చెప్పాడు.

"వేదాద్రి నుంచి వచ్చాయమ్మా."

సత్యనారాయణమ్మ మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా వేదాద్రి నరసింహస్వామిని చూడలేదు. మొక్కు ఉండిపోయిందని రోజూ బాధపడుతోంది. కొడుకు ముఖమూ, నీళ్ళూ మార్చిమార్చి చూసి, గట్టుమీద కూలబడి రెండు చేతులూ జోడించింది. నేను రాలేనని తెలిసి స్వామే తన పరివారాన్ని పంపాడని ఏడ్చింది. కోటిలింగం కాదనబోయి, ఆ ఏడుపు చూసి మానుకున్నాడు. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళంతా హారతిపళ్ళాలతో దొడ్లో ఉన్నారు. పసుపూ కుంకుమా చల్లారు. మరమరాలు, అటుకులు గుమ్మరించారు. ఎర్రగుడ్డల అర్థం తమకు అప్పుడే తెలిసిందని పురాణం పెద్దలు కూడా వచ్చి చెప్పారు.

శనివారం ముఖం గంటుపెట్టుకుని వచ్చిన రామకోటేశ్వరరావుకు గుమ్మందాకా జనం కనిపించారు. చెప్పులు విప్పమన్నారు. ఎందుకో తెలియకుండానే విప్పాడు. ఎవరో కొబ్బరిచిప్ప చేతిలో పెట్టారు. ఇదేమిటని అడిగేలోపే సత్యనారాయణమ్మ అతని నెత్తిన అక్షింతలు వేసింది.

"నీ కూతురు అడుగు పెట్టబోతోందని స్వామి ముందే వచ్చాడు నాయనా. అంత జాతకం గల పిల్లను కన్నావు."

రామకోటేశ్వరరావు చెప్పదలుచుకున్నది వాయిదా వేశాడు. వంగి, అలవాటు ప్రకారం నీళ్ళను రెండు వేళ్ళమధ్య నలిపి చూశాడు. వేళ్ళు పచ్చగా జిగటగా అయ్యాయి. కోటిలింగం కళ్ళు మూసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ, పెళ్ళినాటికి తొట్టి తోడించి శుభ్రంగా కడిగిస్తానని మాట ఇచ్చాడు.

రామకోటేశ్వరరావు అతనికేసి నిర్ఘాంతపోయి చూశాడు.

"కడిగిస్తారా? అపచారం బావగారూ. ఒక్క చుక్క తోడితే ఈ సంబంధం మాకు అక్కర్లేదు."

వేళ్ళకంటిన పాచిని కళ్ళకద్దుకుని, పెళ్ళి ఈ దొడ్లోనే జరగాలని పట్టుబట్టాడు. పెళ్ళి అనుకున్న ముహూర్తానికే అయింది. భోజనాల్లో మొదటి వడ్డన మాత్రం చేపలకు జరిగింది.