నూరో ఓటు

నేను అక్షరాలు దిద్దుకుంది నలభై ఎనిమిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించాలి. చెయ్యి నెమ్మది, అందుకని కొంచెమే రాస్తాను.

ధవళేశ్వరం ఆనకట్ట అయిన నాలుగో ఏడు, జొన్నాడకు దిగువనున్న మా ఊరి దాకా కాలువ తవ్వారు. నీళ్ళు వదిలే తూము మా ఊరికా, అవతలి ఊరికా అన్నదే తేలాలి. సర్కారు తరఫున వచ్చిన అమీను భాస్కరరావుగారు మునసబుగారి చావడి ముందు డప్పు వేయించారు.

"దొరగారి ఉత్తర్వు! నీళ్ళు పంచే నీటిపెద్దను జనమే ఎన్నుకోవాలి. ఇంటికో ఓటు తెచ్చి చావడి దగ్గర వెయ్యాలి. పొద్దుగూకేలోగా నూరు పడితే తూము మనకి. లేదా అవతలి ఊరికి!"

ఓటన్న మాట దొరగారి కాగితంలోనే ఉంది. అమీనుగారు పండితులు, ఒకరిని అడిగే అలవాటు లేదు.

"ఓటంటే ఏంటండీ?" అన్నాడు కుమ్మరి సత్తియ్య.

"కుండలు చేసేవాడివి, ఓటికుండ తెలీదంట్రా? బీటలిచ్చింది, కారేది."

"ఆయ్, తెలుసండి. దాంతో పెద్దనెలా ఎన్నుకుంటారండి?"

"అది దొరల విద్య."

మధ్యాహ్నానికి పదకొండే పడ్డాయి. అమీనుగారు అధైర్యపడలేదు. ఓటేసినవారికి తాంబూలం ఇప్పించారు. లంకల్లోవారికి పడవ ఉచితం చేశారు. "ఓటు లేని ఇల్లు ఇల్లే కాదు" అని ఉపన్యసించారు. అప్పటికీ కొందరి ఇళ్ళలో అన్నీ మంచి కుండలే ఉండిపోయాయి. అలాంటివారికి సాయంగా ఇద్దరు బంట్రోతులను కర్రలిచ్చి ఇంటింటికీ పంపారు. ఇంత శ్రద్ధగల అధికారిని మళ్ళీ చూడలేదు.

పొద్దు వాలేసరికి తొంభై తొమ్మిది. మిగిలింది ఊరి చివర చిట్టెమ్మ ఇల్లు. మొగుడు పోయాడు. కాలువ కొసన అయిదు కుంచాల చేను, ఇంట్లో ఒక్క కుండ.

"నా కుండ బాగానే ఉందండీ," అంది చిట్టెమ్మ.

"అదేనమ్మా నీ లోపం," అన్నారు అమీనుగారు.

"నీళ్ళకి ఇదొక్కటేనండి."

"తూము వస్తే ఇంటి ముందే ఏరు. కుండెందుకు?"

చిట్టెమ్మ ఎండుతున్న నారుమడి వైపు చూసింది. కుండ ఎత్తి గడప మీద తనే కొట్టింది. బంట్రోతుకు శ్రమ తప్పింది.

"నూరు!" అని చావడి దగ్గర కేక వేశారు. అప్పుడు సత్తియ్యకు సందేహం వచ్చింది.

"ఇంతకీ ఇవి ఎవరికి పడ్డాయండీ?"

అమీనుగారు ఆలోచించారు. "చావడి ఎవరిది?"

"మునసబు పెదబాబుగారిదండి."

"మరి ఆయన వాకిట్లోనేగా పడ్డాయి!"

నూటికి నూరు. దొరగారు మెచ్చుకుని జాబు రాశారట. పెంకులు పెదబాబుగారి వాకిట బురదలో పరిచారు.

తూము వచ్చింది. నీళ్ళు ముందు పెదబాబుగారి చేలకు, తర్వాత ఆయన కొబ్బరితోటలకు పారాయి. కొసకు చుక్క రాలేదు. పదోరోజున చిట్టెమ్మ ఆ పెంకుల మీదే నడిచి వెళ్ళింది.

"నారు పోతోందండీ బాబుగారూ."

నీటిపెద్దగారు కరిగిపోయారు. "కొసవాళ్ళు ఎగువ కాలువలో ముంచుకుని పోసుకోవచ్చమ్మా. ఎవరూ అడ్డుపడరు. ఓ కుండ పట్టుకుని వెళ్ళు."

"కుండ లేదండి."

"అయ్యో," అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని. "ఉన్న ఒక్క కుండా ఏం చేసుకున్నావమ్మా?"

ఇట్లు,
చిట్టెమ్మ, వయసు యాభై మూడు. ప్రస్తుతం ఉండేది అంతర్వేదిలో.