ఎర్రగుండు బజారు కొసరు

ఒక పెద్ద అడవిలో రెండు పాత బజార్లు ఉండేవి. ఎంత పెద్ద అడవి అంటారా? పులిగారికి పెళ్లి శుభాకాంక్షలు చెప్పడానికి బయల్దేరిన తాబేలు, ఆయన మనవడి బారసాల నాటికి చేరిందట. అంత పెద్దది.

బజార్లలో ఒకటి వాగొడ్డున ఉండేది. దానికి పెద్ద, బసవయ్య అనే అడవిదున్న. పగలు నిద్రపోవడం, రాత్రి పడుకోవడం ఆయన ముఖ్యమైన పనులు. రెండోది ఎర్రగుండు అనే బండ కింద గుహలో ఉండేది. దానికి పెద్ద చిట్టెమ్మ అనే ఎలుగుబంటి. పేరుకే చిట్టెమ్మ. ఆవిడ గుమ్మంలో నిలబడితే లోపలి కొట్లకు వెలుతురు అందేది కాదు.

చిట్టెమ్మది తేనె కొట్టు. ఆవిడ పక్కన ఉడుత పప్పులు అమ్మేది, కుందేలు ఆకుకూరలు పెట్టేది, గిజిగాడు గూళ్లు అల్లి వేలాడదీసేవాడు. ఇంకా బోలెడు కొట్లు. అందర్నీ బతిమాలి, కసిరి, చెయ్యి పట్టుకు లాక్కొచ్చి ఆ గుహలో కూర్చోబెట్టింది ఆవిడే. "నా మాట మీద వచ్చారు. వీళ్ల పొయ్యి వెలక్కపోతే నాకు ముద్ద దిగదు" అనేది.

ఆవిడ నోరు మాత్రం మంచిది కాదు. ఎవరైనా ధర తగ్గించమంటే "తేనెపట్టు నువ్వే దులుపుకో నాయనా, ఈగలు చెబుతాయి ధర" అనేది. అయినా బేరం కుదిరాక కొసరు ఇవ్వకుండా ఎవర్నీ పంపింది లేదు. ఎర్రగుండులో కొసరు సంచిలో వేసే అలవాటు లేదు, పిల్లల నోట్లో పెట్టాలి. చిట్టెమ్మ గోటి కొస తేనెలో ముంచి, వచ్చినవాళ్ల పిల్ల నాలిక మీద రాసేది. పిల్లలు లేకుండా వస్తే పెద్దవాళ్లే కళ్లు మూసుకుని నోరు తెరిచేవాళ్లు. ఒకసారి పులిగారు కూడా తెరిచారని అంటారు. చూశామని ఒప్పుకున్నవాళ్లు మాత్రం లేరు.

ఇలా సాగిపోతుండగా రెండు బజార్లకూ మధ్యనున్న తెల్లరాతి కొండ మీద మయూర మాల్ వెలిసింది. యజమాని నెమలి నీలకంఠం గారు. ఆయన మాట్లాడే ముందు పురి విప్పేవారు, మాట్లాడాక కూడా విప్పేవారు. మధ్యలో ఏం చెప్పారో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ మాల్ సంగతి ఏం చెప్పమంటారు? గుమ్మంలో పునుగుపిల్లి నిలబడి వచ్చినవాళ్లందరికీ అత్తరు చల్లేది. లోపల బాతులు వరసగా కూర్చుని రెక్కలాడించేవి, ఎండాకాలంలోనూ వణుకు పుట్టేది. పై అంతస్తుకు మెట్లెక్కే పని లేదు. వాలులో ఒక కొండచిలువ పడుకుని ఉండేది. దాని వీపు మీద నిలబడితే అదే పైకి పాకేది. పైకి వెళ్లాక ఒకరు తగ్గినా ఎవరూ పట్టించుకోలేదు, అంత కొత్త మోజు.

మాల్ ముందు గుమ్మం వాగువైపు పెట్టించారు, నీళ్లలో నీలకంఠం గారి నీడ కనపడాలని. వెనక గుమ్మం ఎర్రగుండు వైపు వచ్చింది. అందులోంచి చెత్త బయటికి వచ్చేది.

నెల తిరక్కుండానే ఎర్రగుండు వెలవెలబోయింది. దీనికి తోడు అడవి పంచాయతీ దండోరా వేయించింది. తొలకరి నాటికి ఏ బజార్లో సగం కొట్లు మూతపడి ఉంటే ఆ చోటు ఏనుగుల విశ్రాంతి మందిరానికి ఇచ్చేస్తారట. పంచాయతీ పెద్ద ఏనుగుదొర. ఎవరికి విశ్రాంతి కావాలో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి చిట్టెమ్మ తేనె ముట్టలేదు. తెల్లారగానే నెత్తి మీద మోదుగాకు కప్పుకుని, ఎవరూ గుర్తుపట్టరనుకుని, మయూర మాల్ చూడ్డానికి వెళ్లింది. దారిపొడుగునా అందరూ "ఏం చిట్టెమ్మత్తా, నువ్వూ వచ్చావా?" అని పలకరించారు.

లోపల ఇసకేస్తే రాలడం లేదు. తన కొట్టుకు వచ్చే జింకలు, దుప్పులు, అడవిపందులు, అందరూ అక్కడే. చిట్టెమ్మ అక్కణ్నుంచే వెనక్కి తిరిగింది. జనాన్ని చూసింది కానీ వాళ్ల చేతుల్లో సంచులు ఉన్నాయో లేదో చూడలేదు. ఆవిడ చేసిన తప్పు అదొక్కటే. మిగతావన్నీ దానికి పుట్టిన పిల్లలు.

తిరిగొచ్చి, సలహాలు చెప్పే గబ్బిలం గవర్రాజును పిలిపించింది. ఈ గవర్రాజు కప్పుకు తలకిందులుగా వేలాడుతూ లోకాన్ని చూసేవాడు. అందుకని పడిపోయేవన్నీ అతనికి లేస్తున్నట్టే కనపడేవి. పెద్ద పెద్ద బజార్ల వాళ్లు ఆ ఒక్క గుణం కోసమే అతన్ని పిలిచేవాళ్లు.

"అమ్మగారూ, మీ బజారుకు ఉన్న జబ్బు ఒక్కటే, పాతదనం" అన్నాడు గవర్రాజు. "నేల గరుగ్గా ఉంది. నునుపు చెయ్యాలి. మీరు కస్టమర్లను తిడుతున్నారు. 'మీకు ఏ విధంగా సహాయపడగలను' అనాలి."

"ఎవరికి దెబ్బ తగిలిందని సహాయపడను?" అంది చిట్టెమ్మ.

"అలా అనాలంతే. బేరాలు ఆపెయ్యాలి, ఒకటే ధర. ఇక కొసరు. కొసరు అంటే ఏమిటండీ? ఊరికే పోయే సరుకు. మయూర మాల్లో ఎక్కడైనా కొసరు చూశారా?"

చూడలేదు. చిట్టెమ్మ ఒప్పుకుంది. తన తేనెపట్టుల మైనమంతా కరిగించి గుహ నేలకు పూయించింది. గిట్టలున్నవాళ్లు గుమ్మంలో అడుగుపెడితే నేరుగా ఉడుత కొట్లోకి జారిపోయి పప్పుల బుట్ట మీద తేలేవాళ్లు. ఉడుత మొదట సంబరపడింది, కస్టమర్లు పరిగెత్తుకుంటూ వస్తున్నారని.

ఒకనాడు జింక సీతాలు పిల్లను వెంటబెట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది.

"మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంది చిట్టెమ్మ.

సీతాలు భయపడిపోయింది. "ఏమైందత్తా? ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉన్నా. తేనె కావాలా?"

"కావాలి. ఎంతకిస్తావు?"

"ఒకటే ధర."

సీతాలుకు బేరం ఆడే సందే దొరకలేదు. తేనె తీసుకుంది. పిల్ల మాత్రం అలవాటుగా ముందుకొచ్చి కళ్లు మూసుకుని నాలిక చాపింది. చిట్టెమ్మ గోరు కుండ అంచు దాకా వెళ్లింది. కప్పుకు వేలాడుతున్న గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. గోరు వెనక్కి వచ్చింది.

పిల్ల నాలిక చాపుకునే ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత ఒక కన్ను తెరిచి చూసింది. సీతాలు పిల్లను డొక్కలో పొడిచి బయటికి తీసుకుపోయింది. చిట్టెమ్మకు ఒళ్లంతా సిగ్గేసింది. తన బతుకులో ఎందరినో తిట్టింది గానీ ఒక్క పసిదాన్ని ఉత్త నాలికతో పంపించలేదు.

సీతాలు మళ్లీ రాలేదు. వచ్చే నలుగురూ కూడా రావడం మానేశారు. కుందేలు కొట్టుకు తడిక వేసింది. ఉడుత పప్పులు మూటగట్టుకుంది. గిజిగాడు, "క్షమించు పెద్దమ్మా, మయూర మాల్లో చోటిస్తామన్నారు" అని గూళ్లన్నీ తీసుకుని ఎగిరిపోయాడు. మూసిన కొట్లు సగానికి ఇంకొక్కటి తక్కువ. మబ్బులు పడుతున్నాయి.

"గ్రాఫ్ బాగా లేస్తోందండీ" అన్నాడు గవర్రాజు కప్పు మీంచి. చిట్టెమ్మ చీపురు తీసేసరికి ఎగిరిపోయాడు.

ఇక బసవయ్య సంగతి ఏమైందో చూద్దామని చిట్టెమ్మ వాగొడ్డుకు వెళ్లింది. కష్టంలో ఉన్నప్పుడు తనకంటే పెద్ద కష్టంలో ఉన్నవాళ్లను చూస్తే కాస్త ఊరట. ఆ ఊరట కూడా దొరకలేదు. వాగొడ్డు బజారు కిటకిటలాడుతోంది. బసవయ్య బురదలో పడుకుని గుర్రు పెడుతుంటే జనం సరుకు వాళ్లే కొలుచుకుని, కొసరు కూడా వాళ్లే తీసుకుంటున్నారు. మయూర మాల్ బాతులు ఒక మూల నూకలు తింటున్నాయి. పునుగుపిల్లి చేపల దగ్గర బేరం ఆడుతోంది. సీతాలు పిల్ల మూతికి ఎవరో పెట్టిన బెల్లం అంటుకుని ఉంది.

"అన్నయ్యా" అని చిట్టెమ్మ బసవయ్యను తట్టి లేపింది. "మాల్ వచ్చాక నువ్వేం చేశావు?"

బసవయ్య ఒక కన్ను తెరిచాడు. "ఏ మాలు, చెల్లెమ్మా?"

చిట్టెమ్మ సీతాలు వైపు తిరిగింది. "మాల్లో ఏం కొన్నావే?"

"అక్కడ కొనడమేంటత్తా? అక్కడ చూస్తాం" అంది సీతాలు, మొహం పక్కకు తిప్పుకునే. "అటూ ఇటూ తిరిగి తిరిగి ఆకలేస్తుంది. బయటికొస్తే ఎదురుగా ఇదేగా ఉంది."

చిట్టెమ్మ అక్కడే కూలబడింది. ఎదురుగా కొండ, కొండ మీద మాల్, మాల్ ముందు గుమ్మం. అందులోంచి ఖాళీ చేతులతో, మాడిన కడుపులతో జనం దిగి వస్తున్నారు, నేరుగా బసవయ్య నోట్లోకి. తాను నెల రోజులు నేల తుడిచింది. ఈ మహానుభావుడు నెల రోజులు నిద్రపోయాడు. అంతకు మించి తేడా ఏమీ లేదు.

ఆ సాయంత్రమే నీలకంఠం గారు స్వయంగా ఎర్రగుండుకు వచ్చారు. తోక నేలకు తగలకుండా రెండు మైనా పిట్టలు వెనక పట్టుకుని వచ్చాయి. పురి విప్పి, ముడిచి, విషయం చెప్పారు.

"చిట్టెమ్మ గారూ, మాకు జనం వస్తున్నారు గానీ సరుకు కదలడం లేదు. జనానికి కొసరు అంటే ప్రాణమని గవర్రాజు గారు కనిపెట్టారు. అందుకని తొలకరి దాకా కొసరు ఉత్సవం పెడుతున్నాం. తేనె మాదే. మీరొచ్చి కూర్చుని ఇవ్వాలి."

"కొసరు ఇవ్వాలంటే ముందు అసలు కొనాలి కదండీ."

"కొనకపోయినా ఇచ్చెయ్యండి. ఉత్సవం కదా."

చిట్టెమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. అసలు లేకుండా కొసరు పంచే వ్యాపారిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "తిట్టాలా కూడా?"

"తిడితే మరీ మంచిది. పాతకాలపు అనుభూతి అంటున్నారు."

"ఏమిస్తారు నాకు?"

నీలకంఠం గారు ఒక మాట అన్నారు. చిట్టెమ్మ బేరం ఆడకుండా "సరే" అంది. మైనాలు కూడా ఆశ్చర్యపోయాయి.

"మరి నా కొసరు?" అంది వెంటనే.

"మీకు కొసరేమిటి?"

"బేరం కుదిరాక కొసరు అడక్కపోతే ఎర్రగుండుకు అరిష్టం బాబుగారూ. పెద్దదేం కాదు. వచ్చేవాళ్లను ముందు గుమ్మంలోంచే రానివ్వండి. వెళ్లేవాళ్లను మాత్రం వెనక గుమ్మంలోంచి పంపండి. రెండు గుంపులూ ఒక్క గుమ్మంలో తోసుకుంటూ మీ తోక తొక్కుతున్నాయి."

నీలకంఠం గారు గబుక్కున వెనక్కి తిరిగి చూసుకున్నారు. నిజమే. పింఛం మీద అడవిపంది గిట్ట ముద్ర ఒకటి ఉంది. "వెనకది చెత్త దారి కదా, ఏముంది, తీసుకోండి" అన్నారు.

ఆ రాత్రే చిట్టెమ్మ గుహ నేల మీది మైనం గోళ్లతో గీకి పారేసింది. కుందేలు ఇంటికి వెళ్లి "తడిక తియ్యవే, మొద్దూ" అని అరిచింది. ఆ తిట్టు విని కుందేలుకు కళ్లనీళ్లు తిరిగాయి. ఉడుత మూట విప్పింది. గిజిగాడు పిలవకుండానే వచ్చేశాడు. మాల్లో అతని గూళ్లలో అందరూ కూర్చుని ఊగారే తప్ప ఒక్కరూ కొనలేదు, రెండు తెగిపోయాయి కూడా.

కొసరు ఉత్సవం మొదలైంది. చిట్టెమ్మ మాల్ నడిమధ్య కూర్చుని వచ్చినవాళ్లను కడుపారా తిట్టి, నాలిక మీద తేనె చుక్క రాసి పంపింది. చుక్క తేనె నాలిక మీద పడితే ఏమవుతుంది? కుండెడు కావాలనిపిస్తుంది. మాల్లో తేనె సీసా ధర చూసి అందరూ కళ్లు తేలేసి వెనక గుమ్మంలోంచి బయటపడితే, ఎదురుగా ఎర్రగుండు. గుమ్మంలో ఉడుత నిలబడి అరుస్తోంది, "కొసరు అక్కడ, అసలు ఇక్కడ. రండి బాబూ రండి."

సీతాలు కూడా వచ్చింది. చిట్టెమ్మ మాల్లో కూర్చున్న చోటు నుంచి లేచి, పిల్ల ముందు వంగి, ఈసారి గోరు కాదు, నాలుగు వేళ్లూ ముంచి పెట్టింది. "ఆ రోజు నాకు బుద్ధి గడ్డి తింది తల్లీ" అంది. పిల్లకు ఆ మాట అక్కర్లేదు, తేనె చాలు.

తొలి జల్లు పడిన పొద్దున ఏనుగుదొర కొట్లు లెక్కపెట్టడానికి ఎర్రగుండుకు వచ్చారు. లోపలికి వెళ్దామంటే జనం దారి ఇవ్వలేదు. గుమ్మంలోనే నిలబడి ఒక కుండ తేనె కొని, మనవడిని ముందుకు నెట్టారు. ఉత్సవం ముగిసి కొట్టుకు తిరిగొచ్చిన చిట్టెమ్మ వాడి చిన్ని తొండం పైకెత్తి నోట్లో తేనె పెట్టింది. తర్వాత దొరగారి నోట్లోనూ పెట్టింది.

"ఇది లంచం కాదు కదా?" అన్నారు దొరగారు కళ్లు తెరవకుండానే.

"కొసరు దొరా."

"అయితే లెక్క సరిపోయింది" అని వెళ్లిపోయారు.

నీలకంఠం గారికి ఎప్పటికీ నష్టం తెలియలేదు. మాల్‌కు వచ్చే జనం రెట్టింపయ్యారని గవర్రాజు చెప్పాడు, వాళ్లంతా తన పింఛాన్ని చూస్తున్నారని ఆయన కళ్లారా చూశారు. వెనక గుమ్మానికి ఒక అద్దం కూడా పెట్టించారు. అటు వాగొడ్డున బసవయ్య ఒక మధ్యాహ్నం మరీ నిశ్శబ్దంగా ఉండేసరికి మెలకువ వచ్చి, చుట్టూ చూసి, గబ్బిలానికి కబురు పంపాడు.

నీతి: అసలులో ఓడిపోతే పోయావు గానీ, కొసరు అడగడానికి మాత్రం మొహమాటపడకు.