ఉప్పుబాట మీద అధ్యక్షుడి పాదయాత్ర

ఒక పెద్ద అడవి ఉండేది. దాన్ని పాలించడానికి ఒక సభ ఉండేది. ఆ సభకు అధ్యక్షుడు గుబురయ్య అనే ఎలుగుబంటి. ఆయన కూర్చుంటే కుర్చీ కనిపించేది కాదు. ఆయన లేచి నిలబడగా చూశామని చెప్పే ప్రాణి అడవిలో ఒక్కటీ లేదు.

ఎన్నికలొచ్చాయి. కింద అడవిలో సగం జంతువులు ఆయన వైపు, మిగతా సగం ఆయన పేరెత్తితే ఉమ్మేసే రకం. ఇక తేల్చవలసింది కొండల మీది మేకల గూడేలే. అక్కడ అందరూ ఒక్క మాట మీద ఓటేస్తారు. ఆ మాట ఎటు పడితే కుర్చీ అటు పోతుంది.

కానీ ఆ గూడేలకు పోవాలంటే రెండు ఎత్తయిన కనుమలు దాటాలి. వెనకటి రోజుల్లో కంచరగాడిదలు ఉప్పు మూటలు మోసుకుంటూ ఆ కనుమలు దాటేవి. అందుకే ఆ దారికి ఉప్పుబాట అని పేరు. గుబురయ్య అధ్యక్షుడయ్యాక ఆ బాట బాగుచేయించడానికి ఒక సంఘం వేశాడు. సంఘం కూర్చుంది, టీ తాగింది, లేచి వెళ్లిపోయింది. బాట నిండా తుప్పలు మొలిచాయి. ఉప్పు ఆగిపోయింది. పైన మేకలు చప్పటి గడ్డి నములుతూ అధ్యక్షుడికి శాపనార్థాలు పెడుతున్నాయి.

"ఈసారి కుర్చీ పోయేట్టుంది సుబోధం," అన్నాడు గుబురయ్య దిగులుగా. సుబోధం అంటే సభ కార్యదర్శి. నక్క.

"పోదయ్యా. తమరు పాదయాత్ర చెయ్యాలి. అదీ చారిత్రక ఉప్పుబాట మీద."

గుబురయ్య గుండె గుభేలుమంది. "నడవాలా?"

"రామ రామ! తమరు నడిస్తే అడవి పరువేం కావాలి? పాదాలతో చేసేదే పాదయాత్ర. ఆ పాదాలు ఎవరివని ఎవడడుగుతాడు? గంటలమ్మను ఎక్కండి."

గంటలమ్మ కంచరగాడిద. మెడలో గంటలు, నోట్లో కబుర్లు, రెండూ ఒక్క క్షణం ఆగవు. ఆమెను పిలిపించారు.

"ఉప్పుబాటంటే మా వంశం పెట్టిన బాట," అని మొదలుపెట్టింది గంటలమ్మ.

"నీకు వంశమేమిటే? మీ నాన్న గాడిద కదా!" అంది నక్క.

"నేను అమ్మ తరఫున చెబుతున్నా. మా మేనమామలంతా గుర్రాలు."

మేనమామల సంగతి పూర్తయ్యేసరికి గుబురయ్య ఓ కునుకు తీశాడు. చివరికి గంటలమ్మ మోయడానికి ఒప్పుకుంది గానీ, ఊరికే మోయనంది. తనకో పదవి కావాలంది. నక్కకు పదవులు పంచడం వెన్నతో పెట్టిన విద్య. ఒక్కరే పోటీ చేస్తే చూడ్డానికి బాగుండదు కనుక ప్రతి ఎన్నికలోనూ అధ్యక్షుడే ఒక డమ్మీ అభ్యర్థిని నిలబెట్టుకోవడం ఆ అడవిలో ఆనవాయితీ. కిందటిసారి ఒక తాబేలు నిలబడింది. దానికి తన ఓటు కూడా పడలేదు. ఈసారి ఆ గౌరవం గంటలమ్మకు దక్కింది. ఆమె పొంగిపోయి తోక ఎగరేసింది.

"ఇంకొక్క చిక్కుందయ్యా," అని నక్క గొంతు తగ్గించింది. "కనుమ దాటి ఎవరొచ్చినా పైన మేకలు ముందు కాళ్లు నాకి చూస్తాయి. ఉప్పగా తగిలితే చెమటోడ్చి నడిచొచ్చాడని నమ్మి, చెప్పింది వింటాయి. చప్పగా ఉంటే గుక్కెడు నీళ్లు కూడా పొయ్యవు."

"గాడిదెక్కి పోతే నాకు చెమటెక్కడిది?"

"నేనున్నాగా! ఒక ఉప్పు మూట తెస్తాను. పై కనుమ దగ్గర తమరు దిగాక కాళ్లకు పట్టిస్తాను. కాళ్లకే ఏం ఖర్మ, ఒళ్లంతా పట్టిస్తాను."

మూడేళ్లుగా మేకలకు చేరని ఉప్పు, అధ్యక్షుడి ఒంటికోసం ఒక్క పూటలో దొరికింది. ప్రభుత్వం తలుచుకుంటే పని కాకపోవడమనేది ఉండదు.

యాత్ర బయల్దేరింది. కోతులు డప్పులు కొట్టాయి, కుందేళ్లు పూలు చల్లాయి. విలేకరి కాకి చెట్టు మీంచి చెట్టు మీదకు ఎగురుతూ "అదిగో నడుస్తున్నారు! మన అధ్యక్షులు నడుస్తున్నారు!" అని అరిచింది. జనం కనిపించినంత మేర గుబురయ్య నడిచాడు కూడా. మలుపు తిరిగి జనం కనుమరుగవగానే ఆయన గాడిద ఎక్కాడు. కాకి మాత్రం అరుపు ఆపలేదు. దానికి అంతవరకే రాసిచ్చారు.

మొదటి కనుమ దగ్గర బాట సన్నబడింది. ఒక పక్క కొండగోడ, ఇంకో పక్క లోయ. గంటలమ్మ లోయ అంచునే పట్టుకుని గంటలు మోగించుకుంటూ పోతోంది. గుబురయ్య కిందికి చూసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"లోపలికి నడువవే తల్లీ!"

"లోపలికి నడిస్తే మూట గోడకు కొట్టుకుంటుందయ్యగారూ. మాకు అంచునే అలవాటు."

"ఇప్పుడు మూట లేదు కదే!"

"తమరున్నారుగా."

 భయం మరిచిపోవడానికి గుబురయ్య దారి పొడుగునా తేనెపట్టు నములుతూ కూర్చున్నాడు. నక్క వెనకాల ఉప్పు మూట మోస్తూ, ఇంతమందిలో నిజంగా మోసేది తనూ గాడిదా మాత్రమేనని లోలోపల ఏడుస్తూ ఎక్కింది.

రెండో కనుమ కింద గుబురయ్య దిగాడు. నక్క మూట విప్పి, అరికాళ్ల నుంచి చెవుల దాకా ఉప్పు రుద్దింది. తేనె జిడ్డుకు ఉప్పు బాగా పట్టింది. ఆయన నిట్టూరుస్తూ, కుంటుతూ, చేతికర్ర ఊనుకుంటూ కనుమ మీదికి నడిచాడు. ఆ కుంటడం ఆయన ఇంటి దగ్గర అద్దం ముందు సాధన చేసిందే.

మేకలు బారులు తీరి నిలబడ్డాయి. వాటి పెద్ద గడ్డాలయ్య ముందుకొచ్చాడు. వంగి, అధ్యక్షుడి కుడికాలు నాకాడు. ఆగాడు. మళ్లీ నాకాడు. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏటి బావూ, ఇంత ఉప్పగున్నావు! మా కోసరం ఎంత నడిచినావు తండ్రీ!"

"ప్రజల కోసం ఈ శరీరం ఉన్నంతవరకూ..." అని గుబురయ్య అందుకోబోయాడు.

"ఈ శరీరమే మాకు సాలు!" అని గడ్డాలయ్య వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒలే, రండర్రా! పిల్లల్ని కూడా తెండి!"

గూడేలకు గూడేలే కదిలొచ్చాయి. కాళ్లు అయిపోయాయి, వీపు మొదలైంది. ఒక ముసలి మేక చెవి పట్టుకుని వదలదు. ఎలుగుబంటికి చక్కిలిగింతలు. కిందా మీదా పడి నవ్వుతున్నాడు. కాకి "ప్రజల్లో కలిసిపోయిన అధ్యక్షుడు!" అని ఎలుగెత్తి అరిచింది. నక్క సంబరంగా చేతులు రుద్దుకుంది. ఇంతటి ఆదరణ అది ఏ ఎన్నికలోనూ చూడలేదు.

మర్నాడు ఓటింగు. పైన ఓట్లన్నీ, ఒక్కటి కూడా అటూ ఇటూ పోకుండా, గంటలమ్మకు పడ్డాయి. కింద గుబురయ్యంటే పడని సగం కూడా ఆమెకే వేయడంతో కుర్చీ ఆమెదైంది.

నక్క పరుగెత్తుకెళ్లి గడ్డాలయ్య కాళ్ల మీద పడింది. "ఇదేం ఘోరం పెద్దయ్యా! మా అయ్యగారంటే మీకు ప్రాణం కదా!"

"పేనమే బావూ."

"మరి ఓటు?"

గడ్డాలయ్య జాలిగా చూశాడు. "ఓటేస్తే గెలుత్తాడు. గెలిస్తే కిందకెల్లిపోతాడు. కిందకెల్లినోడు మళ్లీ పైకొచ్చినట్టు ఎప్పుడైనా ఇన్నావా? అంత మంచోడ్ని మేం ఎలా ఒగ్గుకుంటాం? ఆ గాడిదంటే, ఎల్లినా మాకేటి నట్టం?"

నక్క మెడ చాచింది. కొమ్ముల వరస దాటి లోపలికి చూస్తే, మేకల మధ్య గుబురయ్య వీపు ఒక్కటే కనిపించింది. అక్కడక్కడా బొచ్చు ఊడి నున్నగా మెరుస్తోంది.

"సుబోధం! నన్ను తీసుకుపోరా! నాకు కుర్చీ వద్దు, ఏమీ వద్దు, ఇంటికి చేరిస్తే చాలు!" అని ఆయన ఏడ్చాడు. పాపం, ఆ యాత్ర మొత్తమ్మీద ఆయన మనసులోంచి వచ్చిన మాట అదొక్కటే.

నక్క ఆ మాట విన్నది. ఓడిపోయినవాడి మాట కనుక విననట్టే వెనక్కి తిరిగింది. గబగబా గంటలమ్మ ముందు నిలబడి నడుం వంచింది.

"తమరే గెలుస్తారని నాకు మొదట్నించీ తెలుసమ్మగారూ. అందుకే కదా నా చేత్తో నేనే నామినేషన్ వేయించాను! కిందికి నడిచి వెళ్తారా, పల్లకీ చెప్పించమంటారా?"

గంటలమ్మ మెడలో గంటలు ఘల్లుమనిపించింది. మేనమామలు గుర్రాలు కదా. "పల్లకీయే బాగుంటుంది," అంది. "ముందు పక్క నువ్వు పట్టుకో. అంచునే నడువు."

వాళ్లు దిగిపోయారు. పైన వారం తిరక్కుండానే గుబురయ్య ఒంటి మీది ఉప్పంతా కరిగిపోయింది. గడ్డాలయ్య ఓ పొద్దున నాకి చూసి పెదవి విరిచాడు.

"సప్పబడిపోనాడ్రా. పాపం, కూకోబెట్టేసినాం కదా. కాస్త నడిపించండి, మళ్లీ ఊరుతాది."

అప్పట్నుంచి గుబురయ్య రోజూ తెల్లారగానే లేచి, ఈ కనుమ నుంచి ఆ కనుమకూ, ఆ కనుమ నుంచి ఈ కనుమకూ నడుస్తున్నాడు. వెనకాల కొమ్ములున్నాయి కనుక ఎక్కడా ఆగడం లేదు. కాళ్లు కాయలు కాచాయి. ఒళ్లంతా చెమట, అదీ అసలు సిసలు చెమట. ఆయన తొక్కి తొక్కి బాట మీది తుప్పలన్నీ పోయాయి. సంఘం చెయ్యలేని పని ఆయన ఒక్కడే చేసేశాడు. చూసి అరవడానికి కాకి మాత్రం లేదు. అది ఇప్పుడు కింద పల్లకీ వెంట తిరుగుతోంది.

కాబట్టి బాబులూ, నాయకుడనేవాడు ప్రజలకు నచ్చాలి గానీ, మరీ రుచించకూడదు.