జ్ఞానాంబకు సరిపోయే బండి

ఆ మంగళవారం పొద్దున జ్ఞానాంబ అనుకున్నది చాలా చిన్న పని. తిరుపతి గాంధీరోడ్డులో ధనంజయ స్కూటర్ల అంగడికి పోవడం, తనకు నప్పే బండి చూసుకోవడం, మధ్యాహ్నానికల్లా ఆసుపత్రికి చేరుకోవడం. ఆ రోజు ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం. మగవాళ్లకు ఆపరేషన్లు. షామియానా వేశారు, మైకు కట్టారు, పూలదండలు తెప్పించారు. ఒక్క మగవాడూ రాడన్న సంగతి మాత్రం డాక్టరు చంద్రకాంతమ్మ మొదలుకొని అందరికీ తెలుసు.

జ్ఞానాంబ ఆ ఆసుపత్రి తరఫున పల్లెలు తిరిగే నర్సు. రేణిగుంట చుట్టుపక్కల ఆమె సైకిలు తొక్కని బాట లేదు, ఆమె చేతిమీదుగా పుట్టిన బిడ్డ లేని ఊరు లేదు. మనిషి మాత్రం బాగా పొట్టి. ఆ సంగతి ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. పట్టించుకునేది భర్త దామోదరం. లాడ్జి మేనేజరు, ఆరడుగుల మనిషి. ఏ గుమ్మం కనబడినా, తగలకపోయినా సరే, తల వంచి దాటడం ఆయనకు అలవాటు.

అంగట్లో రెండు బండ్లున్నాయి. ఒకటి గేర్లున్న పెద్ద స్కూటరు. ఇంకొకటి ఈమధ్యనే వచ్చిన, గేర్లు లేని చిన్న స్కూటరు.

"పెద్దదే తీసుకుందాం మేయ్. నేను తోల్తా, నువ్వు ఎనక కూసో," అన్నాడు దామోదరం.

"పల్లెల్లో పురుడు పొయ్యాల్సింది నేను. నువ్వు లాడ్జి ఇడిసిపెట్టి నాతో వస్తావా?"

"ఆ చిన్నబండి సూడు, పిల్లోళ్ల బొమ్మ మాదిరి ఉండాది. అది మనింటి ముందర నిలబెడితే నా మర్యాద ఏం గావాల?"

"అమ్మకు పెద్దబండి ఎత్తయితాదన్నా, కాళ్లు ఆనవు," అన్నాడు ధనంజయ.

"అదేనప్పా నేనూ చెప్పేది. ఈమె దాన్ని తోలలేదు."

ఆ మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. జ్ఞానాంబ కుచ్చెళ్లు దోపుకొని పెద్దబండి ఎక్కింది. సీటు వెడల్పుగా ఉంది. కాళ్లు చెరోపక్క వేలాడి, బొటనవేళ్లు నేలను తాకీ తాకనట్టున్నాయి. పనివాళ్లిద్దరు అటూ ఇటూ పట్టుకున్నారు. గేర్లు మార్చడం ఆమె తోటి నర్సు ఇంట్లోవాళ్ల స్కూటరు మీద ఎప్పుడో నేర్చుకుంది. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు బండి పట్టుకునేవాళ్లు కాబట్టి ఆపడం గురించి ఆలోచించే అవసరం రాలేదు.

"ఇడిసిపెట్టండప్పా," అంది. వాళ్లు వదిలారు. బండి హుందాగా గాంధీరోడ్డులోకి దిగింది.

తోలడంలో ఏ ఇబ్బందీ లేదు. వీధి మలుపు తిరిగాక గానీ ఆమెకు అసలు సంగతి తెలియలేదు. ఆపితే బండి ఒరుగుతుంది. ఒరిగితే నిలబెట్టే బలం తన వేలికొసలకు లేదు. కింద పడితే అంగడివాళ్ల కొత్తబండికి గీత పడుతుంది. ఆ గీత గురించి దామోదరం బతికినన్నాళ్లూ చెబుతాడు. ఇందులో ఆమె భయపడింది చివరిదానికే.

ఎత్తయిన అరుగు పక్కకు పోనిచ్చి, దాని మీద కాలు ఆనిస్తే చాలు. కానీ ఎత్తయిన అరుగు కనబడిన చోటల్లా గుండు చేయించుకున్న యాత్రికులు వరసగా కూర్చున్నారు. తప్పుకొమ్మని చెప్పేలోపే బండి వాళ్లను దాటిపోతోంది. ఆసుపత్రికి పోతే కాంపౌండరు చెంగయ్య పట్టుకుంటాడని అటు తిప్పింది. చెంగయ్య గేటు ముందే నిలబడి ఉన్నాడు. కానీ పక్కనే మైకు చెవులు చిల్లులు పడేలా పాడుతోంది.

"చెంగయ్యా, ఆపలేను. మా ఆయనకు చెప్పు. ధనంజయ అంగట్లో ఉండాడు," అని అరిచి ముందుకు పోయింది జ్ఞానాంబ.

మైకు హోరులో చెంగయ్యకు 'ఆపలేను' కాస్తా 'ఆపరేషను' అని వినబడింది. తక్కినవన్నీ సరిగ్గానే వినబడ్డాయి. అతను లోపలికి పరుగెత్తాడు.

"అమ్మా, మన సిస్టరమ్మ ఇంటాయన ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. ధనంజయ అంగట్లో ఉండాడంట."

చంద్రకాంతమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "జీపు తీసుకుపో చెంగయ్యా. మర్యాదగా పిలుచుకుని రా," అంది.

అంగడి ముందు మెడ చాచి దారి చూస్తున్న దామోదరం ఎదుట జీపు ఆగింది. "అన్నా, ఆపరేషను. సిస్టరమ్మ చెప్పింది. డాక్టరమ్మ నిన్ను పిలస్తా ఉండారు, రా," అన్నాడు చెంగయ్య. జ్ఞానాంబ బండి మీదినుంచి పడిందని దామోదరం అర్థం చేసుకున్నాడు. ధనంజయ మాత్రం తన బండి సంగతి అడగబోయి, బాగుండదని మానుకున్నాడు.

ఆసుపత్రిలో ఆయన మెడలో దండ పడింది. ఎందుకని అడిగే స్థితిలో లేడు.

"భయం లేదు కదమ్మా?"

"ఏ భయమూ లేదు. చిటికెలో అయిపోతుంది," అంది చంద్రకాంతమ్మ.

"రక్తం కావాల్నా? నా ఒంట్లో ఎంతుంటే అంత తీసుకోండి. యాడ కోసుకుంటారో కోసుకోండి. ఆమె కోసం ఏమైనా ఇస్తా."

వింత చూడడానికి షామియానా కింద నిలబడిన మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంత మనిషి బల్ల మీద పడుకోవడం, పాదాలు బల్ల దాటిపోతే చెంగయ్య వాటి కింద స్టూలు వేయడం తలుపులోంచి కనబడింది. భార్యలు పక్కనే ఉన్నవాళ్లు ముందు కదిలారు. కాసేపటికి గేటు దాకా వరస కట్టింది.

ఇవతల జ్ఞానాంబ రేణిగుంట రోడ్డు దాకా పోయింది. రైలు గేటు పడితే తనూ పడవలసిందే. గేటు పడలేదు, బండి వెనక్కి తిప్పుకుంది. అప్పుడు గుర్తుకొచ్చింది, ఆసుపత్రి వెనక స్ట్రెచర్లు దించే గట్టు. పెరటి గేటులోంచి బండిని గట్టు పక్కకు తెచ్చి, క్లచ్చు పట్టి, బ్రేకు తొక్కి, ఎడమ కాలు పెట్టింది. పాదం పూర్తిగా ఆనింది. బండి మీద గీత లేదు, ఒంటి మీద గీత లేదు. తిరుపతి అంతా తానే కట్టించినట్టు ఒక్క నిమిషం అలాగే కూర్చుంది. అంతలో కిటికీలోంచి, స్టూలు మీద పెట్టిన రెండు పొడుగాటి పాదాలు కనబడ్డాయి. ఎవరివో చెప్పనక్కర్లేదు. అక్కడున్న వార్డుబాయి చేత బండికి స్టాండు వేయించి లోపలికి పరుగెత్తింది.

"ఏమయ్యా, ఈడెందుకు పండుకోనుండావు?"

దామోదరం లేచి కూర్చుని ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "నీకు ఆపరేషనంట గదా?"

"నీకని సిస్టరమ్మే చెప్పింది గదన్నా," అన్నాడు చెంగయ్య.

"బండి ఆపలేను అని గదా నేననింది చెంగయ్యా."

దామోదరం పక్కనున్న కత్తుల పళ్లెం అప్పుడే చూసి మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఆయనకు ఇంకొకటి తోచింది.

"అంటే, యాడా ఆపకుండా ఊరంతా తిరిగినావా?"

"రేణిగుంట రోడ్డు దాకా."

"పడలేదా?"

"పడలేదు."

ఆయన దండతోనే బయటికి పోయి బండి చుట్టూ తిరిగి చూశాడు. "మా ఇంటామెప్పా. కాళ్లు ఆనకపోయినా కొత్తబండిని గీత పడకుండా తిప్పుకోనొచ్చింది," అని వరసలో ఉన్న ఒక్కొక్కరికీ చెప్పాడు. తమకు ఉన్నది ఒకటే బిడ్డ, ఇంకొకటి కావాలని జ్ఞానాంబ నసిగితే, చంద్రకాంతమ్మ వరస వైపు చూసి గొంతు తగ్గించింది. "దండ మాత్రం తియ్యనియ్యొద్దు, అయిపోయిందనుకోనీ. పెరటి గేటులోంచి పిలుచుకుని పో."

సాయంత్రం అంగట్లో దామోదరం మాట మార్చాడు. "పెద్దదే తీసుకో మేయ్. నువ్వు తోలగలవు."

"తోలగలను. అది అందురూ సూసినారు. ఇప్పుడు ఆపగలిగేది కావాల," అని జ్ఞానాంబ చిన్నబండి మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలమీద చదునుగా ఆనాయి. వెనక దామోదరం మోకాళ్లు మడిచి సర్దుకున్నాడు. లాడ్జి వీధిలో నెమ్మదిగా పోనిమ్మని తనే చెప్పాడు. దండ వేసుకొని, తల ఏమాత్రం వంచకుండా, ఎదురైన ప్రతివాడికీ తోలుతున్నది ఎవరో చూపించాడు.

మరుసటి ఏడు వాళ్లకు రెండో బిడ్డ పుట్టినప్పుడు, ఆసుపత్రి పరువు కోసం చెంగయ్య ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పుకోవలసి వచ్చింది.